పురుగుకు ఇల్లు వెతికిన లింగన్న

సౌదీలో కొండల మీది ఊరు అభాలో నేను పనిచేసే హోటల్ వెనక మొక్కల కోసం ఒక రేకుల షెడ్డు ఉంది. పోయిన వారం అక్కడి నీటి పంపు చూడడానికి వెళ్తే, తోటమాలి ఎండిన కొబ్బరి పీచు ఇటుకలను తొట్టిలో నానబెడుతున్నాడు. ఇటుక నీళ్లు పీల్చి విచ్చుకుంటూ ఉంటే తడిసిన గోనెసంచిలాంటి వాసన షెడ్డంతా కమ్మింది. బయట కొండల మీద పొగమంచు, చలి. నేను మాత్రం పానా చేతిలో పట్టుకుని ఒక వెచ్చని గదిలో నిలబడ్డట్టు కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ గది ఇదే దేశంలో, ఎడారి ఊరు బురైదాలో ఉండేది. చుట్టూ ఖర్జూర తోటలు, ఇసుక, పెదవులు పగిలేంత పొడి గాలి. అందులో ఆ ఒక్క గదిని తడిగా, వెచ్చగా నిలబెట్టినవాడు లింగన్న.

లింగన్న గురించి నాకు రూఢిగా తెలిసినవి రాసుకుంటే అర పేజీ కూడా నిండదు. మెట్‌పల్లి దగ్గరి ఊరు. యాభై దాటిన వయసు. గొర్రెల కాపరిగా సౌదీ వచ్చాడు. మోకాళ్లు అరిగాక అదే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తన ఇస్తిరాహాకు కాపలా పెట్టాడు. ఇస్తిరాహా అంటే ఊరి బయట ప్రహరీ కట్టుకున్న తోట ఇల్లు, సెలవు రోజుల్లో కుటుంబమంతా వచ్చి కూర్చునే చోటు. చదువు ఐదో తరగతి. ఇంతే. అయినా డిప్లొమాలో మూడేళ్లు నాకు పాఠాలు చెప్పిన వాళ్లందరికంటే ఆయన మాటలే నా చేతుల్లో ఎక్కువ మిగిలాయి.

అప్పుడు నేను బురైదాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ టెక్నీషియన్‌ని. వచ్చి ఏడాది కాలేదు. జనవరిలో ఒక ఉదయం నాకిచ్చిన పని చీటీ మీద, ఏసీ వేడి ఇవ్వడం లేదు, అత్యవసరం అని రాసి ఉంది. ఎడారిలో చలికాలం ఉంటుందని అప్పటికి తెలుసు కానీ, మనుషులు లేని తోట ఇంటికి వేడి అత్యవసరం ఎందుకో అర్థం కాలేదు. గేటు తీసిన మనిషి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. నా ముఖంలో మన జిల్లా కనబడినట్టుంది, నేరుగా తెలుగులోకి దిగాడు.

"సల్లగ జేసెటోనివా, ఉడుకు జేసెటోనివా?"

"రెండు జేస్తనే అన్నా."

"గట్లయితె రా. పొద్దుగాల కోడికూర తిన్నవా?"

తినలేదన్నాను. అయినా సబ్బిచ్చి చేతులు కడుక్కోమన్నాడు. ఏసీ బాగుచేయడానికి వచ్చినవాణ్ని లోపలికి పోయే ముందు చేతులు కడుక్కోమన్న ఇల్లు నా ఉద్యోగంలో అదొక్కటే. ఎందుకో గది తలుపు తీశాక తెలిసింది. సగం గదికి గాజు అడ్డం కట్టి ఉంది. దాని వెనక, కొబ్బరి పీచు పరుపు మీద, పసుపూ తెలుపూ కలిసిన ఒక కొండచిలువ చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. చేతికి కోడి వాసన ఉంటే అది చేతిని కూడా కోడి అనుకుంటుందట.

"ఇదీ మా పురుగు," అన్నాడు లింగన్న.

మా వైపు పెద్దవాళ్లు పామును పేరు పెట్టి పిలవరు, పురుగు అంటారు. పాము కరిచిందని కూడా అనరు, పురుగు ముట్టిందంటారు. నాలుగు మీటర్ల జంతువును చూపిస్తూ కూడా ఆయన ఆ మర్యాద తప్పలేదు.

నాకు భయం వేసింది. కానీ భయం కంటే ముందు ప్రశ్నలు వచ్చాయి, నా స్వభావం అంత. పొడుగెంత, బరువెంత, ఏం తింటుంది, ఎన్నాళ్లకోసారి, ఎన్నేళ్లు బతుకుతుంది. ఆయన ఏదీ అంచనాగా చెప్పలేదు. గచ్చు బండలు చూపించి, "పదమూడు బండలు. మొన్న కుబుసం ఇడిశినంక ఇంకింత," అన్నాడు. బండ కొలిచాను, ముప్పై సెంటీమీటర్లు. గోడ మీది క్యాలెండర్‌లో తిన్న రోజుకు సున్నా, వద్దన్న రోజుకు గీత, కుబుసం విడిచిన రోజుకు మెలిక. రెండేళ్ల క్యాలెండర్లు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. మా కంపెనీలో ఏ యంత్రానికీ అంత శుభ్రమైన రికార్డు లేదు.

ఏసీలో వేడికీ చల్లదనానికీ దారి మార్చే వాల్వు కాయిల్ కాలిపోయింది. మార్చాను. రిమోట్‌లో ముప్పై డిగ్రీలు పెట్టి, గంట తర్వాత గోడ మీది అంకె చూపించి, "అయిపోయిందన్నా, ముప్పై," అన్నాను. ఆయన మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, పీచులోంచి ఒక చిన్న థర్మామీటరు తీసి నా చేతికిచ్చాడు. ఇరవై నాలుగు.

"నీ లెక్క గోడ మీదిది. పురుగు గోడ మీద పండదు గదరా."

వేడి గాలి పైకి పోతుందని నాకు తెలియక కాదు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఎవరి కోసం వేడి చేస్తున్నామో వాళ్లు పడుకునే చోట కొలవాలని నాకు తోచలేదు. ఆ సాయంత్రం సెన్సార్ తీగను గోడ దించి నేల దాకా లాగాను.

తర్వాత ప్రతి శుక్రవారం వెళ్లేవాణ్ని. ఆయనకు రెండో మనిషి కావాలి. అంత పెద్ద పామును ఒక్కడే పట్టుకోకూడదని ఆయన నియమం. ఇదివరకు సాయం చేసిన బంగ్లాదేశీ తోటమాలి వెళ్లిపోయాడు. నాకు శుక్రవారం సెలవు. ఆయన తల వైపు, నేను తోక వైపు. బియ్యం బస్తా కంటే బరువైన ఆ ఒళ్లు నా ముంజేతుల మీదుగా నెమ్మదిగా జరిగిపోతుంటే, కండరం ఒక్కొక్కటీ విడివిడిగా తెలిసేది. భయపడితే చెప్పమన్నాడు. "భయమైతె జెప్పు, కింద వెడదాం. జెప్పకుండ పట్టుకుంటెనే అదిరిపడ్తవు."

పామును కొన్నది లింగన్న కాదు, కఫీల్ కొడుకు ఫహద్. కాలేజీ రోజుల్లో, అది చేతి పొడుగు ఉన్నప్పుడు, స్నేహితులకు చూపించడానికి తెచ్చుకున్నాడు. లైసెన్సు లేదు, కాగితాలు లేవు. ఆ తర్వాత పై చదువుకని రియాద్ వెళ్లాడు, పెళ్లయింది. అది తోటలోనే పెరిగింది.

ఫిబ్రవరి మొదట్లో ఒక శుక్రవారం వెళ్లేసరికి లింగన్న చాయ్ కూడా పెట్టలేదు. ఇస్తిరాహాను అమ్మేశారు, నెలాఖరుకు ఖాళీ చేసి ఇవ్వాలి. ఆ తర్వాత లింగన్నకు ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం విడిచి పోయే కాగితం, కొట్టి ఇంటికి పంపిస్తామన్నారు. ఆయన చాలా కాలంగా అడుగుతున్నదే అది. కానీ పాము సంగతి అడిగితే ఫహద్ ఫోన్‌లో రెండు మాటలే అన్నాడట: అమ్ముకో, వచ్చింది నీదే. ఎవరూ కొనకపోతే తోటలో పార ఉంది కదా.

"పారనట," అని లింగన్న గాజు వైపు చూశాడు. "దానికి తెల్వది, నాకు దెలిసె."

నేను వెంటనే అమ్మకం వైపు ఆలోచించాను. ఫోన్‌లో దొరికిన ప్రకటనలన్నీ చూసి పొడుగు ఒక వరుసలో, ధర ఒక వరుసలో పెట్టి పట్టిక చేశాను. ఆశ్చర్యంగా అది తలకిందులుగా వచ్చింది. మూరెడు పిల్లకు మంచి ధర. మీటరు దాటితే సగం. మూడు మీటర్లు దాటినవాటి దగ్గర చాలామంది అంకె కూడా రాయలేదు, వచ్చి తీసుకుపోండి చాలు అని రాశారు. కొన్ని గాజు పెట్టెతో కలిపి ఇస్తున్నారు, ఆ ధర పెట్టెదే, పాముకు విలువ లేదు. రంగు వల్ల కొంత పెరుగుతుంది, కానీ పొడుగు ఆ పెరిగినదాన్ని కూడా మింగేస్తుంది. లింగన్నకు పట్టిక చూపించాను.

"గొర్రె తూకమెక్కితె ధర ఎక్కుతది," అన్నాడు. "దీనికి తూకమెక్కితె దిగవట్టె. ఎందుకో జెప్పు ఇంజినీరూ."

గిరాకీ, సరఫరా అని ఏదో మొదలుపెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గొర్రెను కోస్తరు. దీన్ని సాదాలె. ఇంకా పదిహేనేండ్లు సాదాలె. గదే."

ప్రకటన రాసే పని ఖదీర్ భాయ్‌కి అప్పగించాం. ఖదీర్ భాయ్ హైదరాబాద్ పహాడీ షరీఫ్ వైపు మనిషి, కూరగాయల లారీ డ్రైవర్, అరబ్బీ రాయడం వచ్చు. ఆయన పామును ఎన్నడూ చూడలేదు. లింగన్న ఆయనకు ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపాడు: మా దగ్గర పెద్ద పురుగున్నది, పసుపు రంగుది, కోళ్లు తింటది, మంచిగ సూసుకునెటోళ్లకు ఇస్తం. ఖదీర్ భాయ్ తెలుగులో తింటది, తింటయి అన్న తేడా ఎప్పుడూ లేదు. ఆ సాయంత్రం ఊళ్లో పక్షులు పెంచేవాళ్ల ఫోన్ గ్రూపులో ప్రకటన పడింది. మర్నాడు పొద్దున్నే లింగన్న ఫోన్‌కు వరసగా కాల్స్. కిలో ఎంత అని ఒకరు, బతికున్నవేనా అని ఇంకొకరు. మాకేమీ అర్థం కాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల గడ్డం, చేతికర్ర, ఇంకో చేతిలో మూత ఉన్న పెరుగు బకెట్. పేరు అబూ సాలెహ్, పావురాలూ కోళ్లూ పెంచుతాడట. మేం మర్యాదగా లోపలికి తీసుకుపోయి గాజు ముందు నిలబెట్టాం. పాము తల ఎత్తి నాలుక ఆడించింది. ఆయన ఒకసారి దాన్ని చూశాడు, ఒకసారి తన బకెట్‌ను చూసుకున్నాడు.

"ఇది పురుగా?" అన్నాడు అరబ్బీలో.

ఖదీర్ భాయ్‌కి ఫోన్ చేశాను. ప్రకటనలో ఏం రాశాడో చదవమన్నాను. కోళ్లు తినే పెద్ద పసుపు పురుగులు అమ్మబడును, మేత కోసం.

"అన్నా, ఇది పాము," అన్నాను.

ఖదీర్ భాయ్ గొంతు పెంచాడు. "క్యా బాతా కర్రే మియా. లింగన్న సాఫ్ సీదా పురుగు అన్నడు. పురుగంటే మా ఉర్దూల కీడా కాదా? పామంటే పాము అని చెప్పాలె గద!"

"గట్ల పేరు వెట్టి అంటరానయ్య?" అన్నాడు లింగన్న, ఫోన్ వైపు వంగి, నిజంగానే నొచ్చుకుని.

నేను వచ్చిన అరబ్బీలో అబూ సాలెహ్‌కు ఈ గొడవంతా విప్పి చెప్పేసరికి ఆయన బకెట్ బోర్లించి దాని మీదే కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. చాయ్ తాగాడు. తర్వాత నెమ్మదిగా, మేం అడగనిది చెప్పాడు. ఇట్లాంటి జంతువును కాగితాలు లేకుండా అమ్మినా, కొన్నా తప్పే. వన్యప్రాణుల శాఖవాళ్లకు ఫోన్ చేస్తే వచ్చి తీసుకుపోతారు, వాళ్ల దగ్గర చోటుంది. కానీ యజమాని తానే ముందుకొచ్చి అప్పగిస్తే నయం. పనివాడి చేతిలో దొరికితే పనివాడికి చిక్కు.

ఈ దారి నాకు నచ్చలేదు. కారణం చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మరుసటి రోజు సాయంత్రం, ఖదీర్ భాయ్ దిద్దిన ప్రకటన చూసి, ఇద్దరు కుర్రాళ్లు జీపులో వచ్చారు. పదిహేను వందల రియాళ్లు ఇస్తామన్నారు. అది లింగన్న నెల జీతం కంటే ఎక్కువ, నా పట్టికలో ఆ పొడుగుకు ఎక్కడా లేని అంకె. నా పట్టిక తప్పని తేలినందుకు కూడా నాకు సంబరంగా ఉంది. లింగన్న వాళ్లను గొర్రెల కాపరి అరబ్బీలో నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఏ గదిలో పెడతారు? వేడి ఎట్లా? పట్టుకునే రెండో మనిషి ఎవరు? మీకు పెళ్లిళ్లయినంక ఎవరు చూస్తారు? ఎడారిలో మూడు రోజుల క్యాంపు ఉంది, వీడియో తీసుకుంటాం, తర్వాత చూద్దాం అన్నారు. ఎడారిలో అప్పుడు పొద్దున ఐదు డిగ్రీలు.

"మాఫీ," అన్నాడు లింగన్న. లేదు అని.

వాళ్లు రెండు వందలు పెంచారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. "తీస్కో అన్నా. కాగితాల్లేని దానికి ఇంత ఎవరిస్తరు? ఆఫీసోళ్లను పిలిస్తె ఫహద్ పేరు బయటికొస్తది. నీ ఎగ్జిట్ వాళ్ల నాయన చేతుల ఉన్నది. కోపం జేసి ఆపితె?"

"ఆపితె ఆపనియ్యి," అన్నాడు. గొంతు మాత్రం అంత ధైర్యంగా లేదు. "సతీషూ, మూడు దినాలకు సచ్చేదాన్ని అమ్మితె, పారకు నాకు ఫరక్ ఏమున్నది?"

వాళ్లు వెళ్లిపోయాక ఆయన ఫహద్‌కు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. బతిమాలలేదు, బెదిరించలేదు. నీ పురుగును ప్రభుత్వానికి ఇద్దాం, నువ్వు రావాలి, సంతకం నీది, అన్నాడు. అటు నుంచి అరుపులు నాకు కూడా వినబడ్డాయి. లింగన్న అన్నీ విని, మళ్లీ అదే మాట అదే గొంతుతో చెప్పాడు. మూడోసారి చెప్పాక ఫోన్ కట్టయింది. వారం రోజులు ఏ కబురూ లేదు. ఆ వారం క్యాలెండర్‌లో తిండి రోజు వచ్చింది, లింగన్న కోడిని పెట్టాడు, పాము తిన్నది, ఆయన సున్నా చుట్టాడు. ఆయన మాత్రం సరిగ్గా తినలేదు.

నెలాఖరుకు రెండు రోజులున్నాయనగా ఫహద్ వచ్చాడు, శాఖవాళ్ల వ్యాను వెంటే. అధికారి ఫారం తీసి ప్రశ్నలు మొదలుపెట్టాడు. వయసు? ఫహద్ ఆలోచించాడు. చివరగా ఎప్పుడు తిన్నది? తెలియదు. గాయాలేమైనా? తెలియదు. ప్రతి ప్రశ్నకూ అతని చూపు లింగన్న వైపు తిరుగుతూ వచ్చింది. చివరికి అతనే ఫారాన్ని లింగన్న వైపు జరిపి, సంతకం దగ్గర మాత్రం, అది తనదన్నట్టు, వేలు పెట్టి ఉంచాడు. లింగన్న చెప్పాడు, నేను అరబ్బీలోకి, రానిచోట ఇంగ్లీషులోకి మార్చాను. ఎడమ పక్క పాత బల్బు కాలిన మచ్చ, అక్కడ ముట్టొద్దు. కళ్లు పాలరంగు తిరిగితే కుబుసం వస్తున్నట్టు, అప్పుడు దానికి కనబడదు, విసిగించొద్దు. తిన్న తర్వాత రెండు రోజులు ఎత్తొద్దు. కొత్త చోట పెడితే కొన్నాళ్లు తినదు, తినలేదని చచ్చిపోతుందనుకోవద్దు. అధికారి ఫారంలో చోటు చాలక వెనక వైపు రాసుకున్నాడు. పెట్టెలోకి ఎత్తేటప్పుడు తల వైపు లింగన్న, తోక వైపు ఫహద్. ఫహద్ దాన్ని పట్టుకుని ఎన్నేళ్లయిందో, ఎక్కడ పట్టుకోవాలో లింగన్నను అడిగాడు. పెట్టె మూసిన తర్వాత ఫహద్ లింగన్న భుజం మీద చెయ్యి వేశాడు.

రూపాయి రాలేదు. నా పట్టికలో చివరి గడిలో సున్నా రాశాను. పని ముగిసిందనుకున్నాను.

నాలుగు రోజుల్లో లింగన్న ఎగ్జిట్ కాగితం వచ్చింది. ఆ వారంలోనే టికెట్ అన్నారు. ఆయన కఫీల్ దగ్గరికి వెళ్లి ప్రయాణం రెండు వారాలు వాయిదా వేయమని అడిగాడు. ఎందుకంటే, అది ఇంకా తిన్నట్టు తెలియలేదు. కఫీల్ నవ్వి సరే అన్నాడు. లింగన్న ఖదీర్ భాయ్ గదిలో చాప వేసుకున్నాడు. ఇంటికి పోవడానికి రోజులు లెక్కపెట్టుకునే మనుషులున్న గది అది. వాళ్లకు ఇంతకు మించిన వింత దొరకలేదు. "లింగన్నా, ఇంట్ల వదినె తిన్నదా లేదా అడిగినవా ఎన్నడన్న?" అని ఒకరు. "హసో నక్కో మియా, నవ్వకుండ్రి, ఆయనకు టెన్షన్ ఉంది," అని ఖదీర్ భాయ్. నేను కూడా విసుక్కున్నాను. ఇచ్చేశాం కదన్నా, ఇంక వాళ్ల బాధ్యత అన్నాను.

"తినేదాక ఇల్లు దొరికిందో లేదో తెల్వది గద," అన్నాడు.

వారానికోసారి ఖదీర్ భాయ్‌తో అధికారికి ఫోన్ చేయించాడు. మొదటిసారి లేదన్నారు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారి మేం ముగ్గురం లారీ నీడలో నిలబడి ఉన్నాం. లింగన్న ప్రయాణానికి ఒక రోజే ఉంది. ఖదీర్ భాయ్ స్పీకర్ పెట్టాడు. అధికారికి మేమెవరో గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఒక్క మాట అన్నాడు, "అకల్." తిన్నది.

లింగన్న ఫోన్ మీదికి వంగి, "ఎన్ని కోళ్లట?" అన్నాడు. ఒకటి అన్నారు. "ఒకటే? సరె, ఒకటి శాన," అని లారీ చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. అంతసేపు నిలబడి ఉన్న మోకాళ్లు కదా.

ఆయన వెళ్లిపోయి నాలుగేళ్లయింది. నేను కంపెనీ మారి ఈ కొండల మీదికి వచ్చాను. ఇక్కడ ఏ యంత్రం బాగుచేసినా అప్పగింత పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి, అక్కడితో నా పని అయిపోయినట్టే. నేను మాత్రం వారం తర్వాతి తేదీ మీద ఒక చిన్న మాట రాసి పెట్టుకుంటాను. ఆ రోజు ఆ గదికో, వంటింటికో, బాయిలర్ దగ్గరికో వెళ్లి అడుగుతాను. పిలవకుండా ఎందుకు వచ్చావని మొదట్లో అనుమానంగా చూసేవాళ్లు. పుస్తకం తిరగేసిన మా మేనేజరు ఒకసారి ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఇదేం కోడ్ అని అడిగాడు. తెలుగు అన్నాను. అర్థం చెప్పమన్నాడు. బాయిలర్ పేరుకెదురుగా, లాండ్రీ మోటారు పేరుకెదురుగా, ప్రతి పేజీలోనూ నా చేతిరాతలో ఒకే ప్రశ్న ఉంది: తిన్నదా?